వదిన పైగొంతు

నన్ను వేదిక మీదికి పిలిచేటప్పుడు “ఎవరి అండా లేకుండా సొంతంగా ఎదిగిన గాయని” అని చెబుతుంటారు. సినిమాల్లో పాడలేదు, ఏ కంపెనీ నా పాటలు కొనలేదు, రాసేదీ బాణీ కట్టేదీ నేనే కాబట్టి ఆ మాట అబద్ధమని అనలేను. అయినా అది విన్న ప్రతిసారీ తల దించుకుని గిటారు తీగలు సవరించుకుంటూ ఉంటాను. నాకు పేరు తెచ్చిన మొదటి పాట ఇద్దరు పాడేందుకు కట్టింది. ఆ రెండో మనిషి మా వదిన.

మాది ఎమ్మిగనూరులో చేనేత ఇల్లు. అన్న మగ్గంలో కూర్చుంటే, వదిన పక్కనే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. డిగ్రీ అయ్యాక నేను ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, ఎవరో వాడి వదిలేసిన గిటారు కొనుక్కుని ఫోన్లో చూసి నేర్చుకుంటుండేదాన్ని. ఒక సాయంత్రం ఏదో బాణీ తడుముకుంటుంటే రాట్నం దగ్గర్నుంచి వదిన గొంతు కలిపింది. నేను పాడిన స్వరం కాదు, దానికి పైన ఇంకొకటి. రెండూ ఒకదాన్నొకటి తగలకుండా పక్కపక్కనే నడిచాయి.

“అట్ల ఎట్ల పాడినావు వదినా?” అన్నాను.

“నువ్వు కింద పోతాంటే నేను పైన పోయినా. ఇద్దరం ఒగే దోవన పోతే ఇరుకు కదమ్మీ” అంది, చేతిలో దారం తెగకుండా చూసుకుంటూ.

వదినది కోసిగి దగ్గర పల్లె. వానలు మోసం చేసిన ఏడు ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడేవి. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోవడాన్ని వాళ్ళు సుగ్గికి పోవడం అంటారు. వాళ్ళమ్మ కూడా అట్లా పోయేది. పోయే ముందు తాళం వేసి, రెండడుగులు వేసి, మళ్ళీ వచ్చి తాళం లాగి చూసేదట. లోపల ఎత్తుకుపోవడానికి ఏమీ లేదని తెలిసి కూడా. కండెలు చుడుతూ వదిన చెప్పిన ఈ ముచ్చటే నా పాటయింది.

తాళమేసిన ఇంటికాడ దీపమెవరు పెడతారే
సుగ్గికెళ్ళిన అమ్మ కాళ్ళ దుమ్మునెవరు కడుగుతారే

మొదటి పాదం నాది, నాకన్నా పై స్వరంలో పాడే రెండోది వదినది. ఇంట్లోనే ఫోను నిలబెట్టి వీడియో తీశాం. ముఖం చూపించనని ఆమె పట్టుబట్టింది కాబట్టి రాట్నం తిప్పే చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. వెనక అన్న మగ్గం చప్పుడు. అది కూడా తాళం వేసినట్టు బాగుందని మగ్గం ఆపమనలేదు. ఆ వీడియో మేము ఊహించని ఊళ్ళకు పోయింది. కింద రాసిన వాళ్ళలో చాలామంది అడిగింది ఒకటే: పైన పాడిన ఆమె ఎవరు?

కడపలో ఒక కాలేజీ వాళ్ళు పిలిచారు. ఇద్దరం బస్సెక్కి పోయాం. వేదిక మీద వదిన కొంగు పిడికిట్లో బిగించి పట్టుకుని, పిల్లల వైపు చూడకుండా, ఎదురుగా ఉన్న గోడకు పాడింది. చప్పట్లు ఆగక ముందే “అయిపాయ కదా, దిగుదామా” అని నా చెవిలో అడిగింది. కానీ తిరుగు ప్రయాణంలో మైదుకూరు దాటినా ఆమె కూనిరాగం ఆగలేదు.

నేను బడి మానేశాను. అన్నకు అది నచ్చలేదు. “నెలనెలా వచ్చేది ఇడ్సిపెట్టి పాటలెంబడి పోతావా?” అన్నాడు. “పోనీ. బడి యాడికి పోతాది, ఈడనే ఉంటాది” అని వదినే సర్దిచెప్పింది.

పాటను సరైన పద్ధతిలో రికార్డు చేద్దామని కర్నూలులో ఒక చిన్న స్టూడియో మాట్లాడుకున్నాం. అక్కడ మైకు ఒకటే కాబట్టి ఒకరి తర్వాత ఒకరు పాడాలి. నా వంతు పాడేశాను. అన్న ఒప్పుకున్న పెళ్ళి చీరల పని ముగిశాక వదిన వచ్చి తన వంతు పాడేటట్టు మాట. ఆ పని ముగిసేలోగా ఆమెకు ముద్ద మింగుతుంటే గొంతులో ఏదో అడ్డం పడడం మొదలైంది. థైరాయిడ్ గడ్డ అన్నారు, ఆపరేషన్ అన్నారు. గొంతు మారే అవకాశం ఉందని డాక్టరు ముందే చెప్పాడు. వదిన ఒక్కటే అడిగింది.

“రాట్నం తిప్పచ్చునా సార్?”

బయటికి వచ్చాక, పాట సంగతి ఎందుకు అడగలేదన్నాను. “అడిగితే ఆయప్ప ఏందో ఒగటి చెప్తాడు. ఇనాల్సొస్తాది కదా” అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. మాట మాత్రం బొంగురుపోయింది. మెల్లగా వస్తుందన్నారు. ఎండాకాలం పోయింది, వానలు వచ్చిపోయాయి. కొంచెం మెరుగనిపించిన రోజు స్టూడియోకి తీసుకుపోయాను. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నా గొంతు విన్నది, తన పాదం రాగానే నోరు తెరిచింది. ఊపిరి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి వెయ్యమంది. మళ్ళీ అదే. స్టూడియో అతను మా వైపు చూడకుండా వైర్లు సర్దుతూ కూర్చున్నాడు.

వదిన హెడ్‌ఫోన్లు తీసి నా చేతికిచ్చింది. “గాలి వస్తాండాది అమ్మీ. పాట రాల్యా.”

ఇక ఆ పాట జోలికి పోనని ఇంట్లో చెప్పేశాను. అది త్యాగమని అప్పట్లో అనుకున్నాను. వదిన ఒప్పుకోలేదు.

“అది మాయమ్మ పాట. నా గొంతు పోయిందని ఆమెను కూడా ఇంట్లో పెట్టి తాళమేస్తావా?” అంది.

కడప కాలేజీలో మా పాట అయ్యాక వచ్చి వదిన చేతులు పట్టుకున్న ఒక ముస్లిం అమ్మాయి ఉంది. శుభ్రమైన గొంతు. ఆ అమ్మాయిని పిలిపించాం. వదిన పాడి చూపించే వీలు లేదు కాబట్టి చేత్తో చూపించింది. చెయ్యి పైకెత్తి “ఈడికి ఎక్కాల” అంది. గాలిలోనే ఆపి “ఈడ నిలబడాల. నేను దించేదాకా దిగద్దు” అంది. “సరే అక్కా” అని ఆ పిల్ల ఆ చేతినే చూస్తూ పాడింది. ఎక్కడా తప్పు పోలేదు. స్టూడియోలో పూర్తయిన పాటను ఇంట్లో విని “బాగుండాది. నాకన్నా బాగా పాడింది” అని వదిన లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

నా బతుకు మలుపు తిరిగింది ఆ పాటతోనే. పిలుపులు వచ్చాయి, కర్నూలులో గది తీసుకున్నాను. ఆ అమ్మాయి పెళ్ళయి దూరం వెళ్ళాక ఒంటరిగానే పాడుతున్నాను. ఒకసారి గండికోటలో పాడుతూ రెండో పాదం దగ్గర గిటారు మాత్రం వాయించి గొంతు ఆపేశాను. ఆమె చోటు ఖాళీగానే ఉండాలని నా ఆలోచన. ఆ ఖాళీ తమ కోసమేననుకుని జనం హుషారుగా చప్పట్లతో తాళం వేశారు. వాళ్ళ తప్పేమీ లేదు. నాకే ఆ తర్వాత పాట ముందుకు సాగలేదు, ఎట్లాగో ముగించి దిగాను.

వదిన పాత గొంతు మిగిలి ఉన్నది ఆ మొదటి వీడియోలోనే. అందులోనూ సగం చోట్ల మగ్గం దెబ్బ ఆమె స్వరం మీదే పడుతుంది. మొన్న ఇంటికి పోయినప్పుడు అన్న దాన్ని ఫోన్లో పెట్టుకుని వింటున్నాడు. “ఆ పొద్దు ఒగ గడియ మగ్గం ఆపింటే సరిపోతాండె” అన్నాడు. ఆపమని ఎవరూ అనలేదు కదన్నాను. “అనకపోతే ఏమి, నాకు తెలియకూడదా” అన్నాడు.

వదినకు ఫోను చేసే కొత్తవాళ్ళు ఆ గొంతు విని మగమనిషనుకుని “ఏమప్పా” అంటారు. ఆమె నవ్వి “చెప్పప్పా” అని మాట్లాడేస్తుంది. పాట గురించి తనంతట తాను ఎత్తదు. మొన్న పోయినప్పుడు మాత్రం నా కొత్త పాటలు రెండు విని ఇట్లా అంది:

“ఈ మధ్య నీ పాటలన్నీ కిందనే తిరుగుతాండాయి.”

“నాకు పైన అందదు వదినా.”

“నీకు అందదులే. కట్టేదానికేమి అడ్డం?”

నేను గమనించనే లేదు. ఆమె ఆగిపోయినప్పటి నుంచి ఒక్క గొంతుకు సరిపోయే బాణీలే కడుతున్నాను. కర్నూలు వచ్చాక రెండు గొంతుల పాట ఒకటి మొదలుపెట్టాను. పైపాదం కడుతున్నంతసేపూ నా చెవిలో పలికింది ఆమె పాత గొంతే. ఆ పాట ఎవరు పాడతారో తెలియదు. వదినకు కూడా ఇంకా వినిపించలేదు.