పళ్ళెంలో పడేసిన ర్యామ్

దెయ్యాల మాట వింటే కొందరికి భయం, కొందరికి నవ్వు. నాకు కోపం. ఒడిశాలోని సునాబెడలో మా ఫ్యాక్టరీ క్వార్టర్ల వెనక ఎవరో తిరుగుతున్నారన్నవాళ్ళని ముఖం మీదే తిట్టేను. ఇది చదివి నవ్వేవాళ్ళనీ తిడతాను.

ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి. కంప్యూటరు నాకెవరూ నేర్పలేదు. విప్పి, కాల్చి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాను. మా ఆవిడ అన్న, ఫ్యాక్టరీలో ఫిట్టరు, ఆయనా అంతే. ఆ విద్య దగ్గరే మా ఇద్దరికీ పడేది కాదు. కంప్యూటరుకి దాన్ని చేసిన కంపెనీ పెట్టిన వేగం కంటే పెంచాలని నేను. ముట్టుకోవద్దని బావ.

“ఏటి బావా ఆ తొందర? దాన్నేటి కొరాపుట్ బస్సెక్కించాలా?” అని నలుగురిలో ఎగతాళి చేసేవాడు.

బతికుండగా తన పాత ర్యామ్, అంటే మెమరీ పలక, ఒకటి నా కంప్యూటరు మిషన్‌కి ఇచ్చేడు. ఫ్యాక్టరీలో పనిముట్ల మీద గీసుకున్నట్టే, దాని మీద కూడా తన పేరులో మొదటి అక్షరం గీసి మరీ ఇచ్చేడు. పక్కన నా కొత్త ర్యామ్. రెండూ ఎనిమిదేసి జీబీలే, కానీ ఆయనది నెమ్మది. కలిపి పెడితే రెండూ నెమ్మదిదాని నడకే నడవాలి. అంటే ఆయన మట్టిలోకి వెళ్ళేక కూడా నా మిషన్‌లో ఆయన మాటే చెల్లింది.

పోయిన వానల్లో మా మనవరాలు కాలేజీకి ఇవ్వాల్సిన భవనం బొమ్మ కంప్యూటర్లో చేస్తోంది. సాయంత్రంలోగా పంపకపోతే ఏడాది పోయినట్టే. త్వరగా అవుతుందని నేను వేగం పెంచేను. నీలం తెర పడి మిషన్ ఆగిపోయింది. మళ్ళీ పెట్టేను. మళ్ళీ నీలం తెర.

“తాతా, పాత స్పీడే పెట్టీ. దండం పెడతాను.”

“నువ్వూరుకో అమ్మీ. ఆ ఫిట్టరు తాత ర్యామే అడ్డం పడతంది.”

పీకి, పక్కనున్న స్టీలు పళ్ళెంలో పడేసేను. పడేస్తూ ఆయన్ని ఒక మాట కూడా అన్నాను. అది రాయను.

ఒక్క ర్యామ్ ఆ బొమ్మకి సాలదని మనవరాలు ఏడుపు. వినకుండా స్విచ్ వేసేను. తెర మీద మెమరీ పదహారు జీబీ అని పడింది. ఉండాల్సింది ఎనిమిది. వేగం చూస్తే బావ వేగం.

ఆపేసి, తడిమి చూసేను. బావ ర్యామ్ ఉండే చోటు ఖాళీ. మళ్ళీ వేసేను. మళ్ళీ పదహారే.

మనవరాలు ఇదేదీ చూడలేదు; నేను లోపల తడుముతుంటే పాత ర్యామ్ మళ్ళీ పెట్టేసేననుకుంది. కూర్చుని బొమ్మ పూర్తి చేసి పంపేసింది. మిషన్ ఒక్కసారీ ఆగలేదు.

“సూసేవా తాతా, పాత స్పీడ్ పెడితే ఎలాగెల్తందో!” అంది.

పళ్ళెం తీద్దామని పట్టుకున్నాను. చెయ్యి కాలింది. గోడలు చెమ్మ పట్టిన వానాకాలం గదిలో అది పొయ్యి మీంచి దించినట్టుంది. మధ్యలో ఆ ర్యామ్, గీసిన అక్షరం పైకి. మనవరాలు మిషన్ ఆపేకే చల్లారింది.

మిషన్ పాత లెక్క చూపించి ఉంటుందంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మర్నాడు నా కొత్త ర్యామ్ ఒక్కదానితోనే పెడితే ఎనిమిదే చూపించింది. అదే బొమ్మ తెరుచుకోలేదు. పోనీ, పళ్ళేనికి ఏ లెక్క చెబుతారు?

నాకైతే ఇప్పటికీ అంతు పట్టలేదు. బావ ర్యామ్ మళ్ళీ దాని చోట బిగించేసేను. వేగం పెంచడం మానేసేను. భయపడి కాదు. బతికున్నప్పుడు ఒప్పుకోనివాణ్ణి ఇప్పుడు ఒప్పుకుంటానా?

మనవరాలికి ఇంకా రెండేళ్ళ చదువుంది. అందుకని.