గురిగిలో మిగిలిన సౌడు

నారాయణఖేడ్ శివారు వాగు ఒడ్డున ఎండాకాలం రాగానే నేల తెల్లగా పూసేది. బట్టలుతికే ఇంట పుట్టిన మణెమ్మ బాల్యమంతా ఆ తెలుపులోనే గడిచింది. పొద్దు పొడవగానే తల్లి వెంట వెళ్లి, చీపురుతో సౌడు మన్ను ఊడ్చి గంపకెత్తేది. ఆ మన్ను కలిపిన నీళ్లలో బట్టలు ముంచి ఉబ్బ పెడితే, లేచే ఆవిరి వాసనకు వాడంతా పండుగ కళ వచ్చేది. సబ్బుపొడి వచ్చాక ఆ పనిని తలచినవారు లేరు.

కొన్నేళ్లుగా ఒక రసాయనాల ఫ్యాక్టరీ ట్యాంకర్లు అక్కడ వ్యర్థాలు వదిలిపోతున్నాయి. ఒడ్డు మునుపటికన్నా తెల్లబడింది. సౌడు మళ్లీ పూసిందని మణెమ్మే ఊరందరికీ చెప్పింది. సంబరంగా ఊడ్చుకొచ్చి చీరలు ఉతికింది. అరచేతుల తోలు లేచిపోతే వయసును తిట్టుకుంది. జ్ఞాపకానికి ప్రేమించడం తెలుసు. గుర్తుపట్టడం ప్రతిసారీ తెలియదు.

ఈ వేసవిలో కాలుష్య మండలి తరఫున మట్టి పరీక్షకు ఇక్రా వచ్చింది. ఖేడ్ పిల్లే. చేతులకు తొడుగులు వేసుకుని, విషం ఎంతమేర పాకిందో తేల్చడానికి చోటుచోటునా మన్ను తీస్తోంది. మణెమ్మ చనువుగా వంగి పిడికెడు ఎత్తబోయింది.

“అరె పెద్దమ్మా, ముట్టకు!”

“సౌడుకు భయపడ్తరా బిడ్డా? మా అవ్వ జిందగీ అంతా గిదే పిసికింది.”

“ఫ్యాక్టరోళ్లు గదే అంటున్నరు. ముందునుంచి సౌడు భూమేనట, వాళ్లు జేసిందేం లేదట. సాక్ష్యం నువ్వేనట!”

మణెమ్మ చేయి వెనక్కి తీసుకుంది. “మరి ఎట్ల తేలుతది?”

“ట్యాంకర్లు రాకముందటి మన్నుంటే రెండూ పక్కన పెట్టి చూస్తుంటి. గది ఇప్పుడేడ దొరుకుతది?”

మణెమ్మ ఇంట్లో, ఉట్టి మీది గురిగిలో ఉంది. తల్లి చివరిసారి ఊడ్చిన సౌడు అది. తల్లిదని చెప్పుకోవడానికి ఆమె దగ్గర నగ లేదు, ఫొటో లేదు. ఆ చిన్న కుండెడు మన్నే ఉంది.

“పిడికెడు చాలు,” అంది ఇక్రా, వెంట ఇంటికి వచ్చి.

“మళ్లొస్తదా?”

“రాదు పెద్దమ్మా. పరీక్షల కరిగిపోతది.”

మణెమ్మ గురిగిని దించి ఒళ్లో పెట్టుకుని మూత తీసింది.

“గిది ముట్టుకోవచ్చు గదా?”

“గిది ముట్టుకోవచ్చు.”

తన చేత్తోనే తీసి ఇచ్చింది.

వానలకు ముందే ఫలితం వచ్చింది. పాత మన్నులో ఉన్నది ఉత్త సోడా ఉప్పు. ఒడ్డు మన్నులో విషలోహాలు. ఒడ్డు చుట్టూ కంచె పడింది. తల్లితో ఊడ్చిన చోటూ లోపలికే పోయింది.

ఫ్యాక్టరీవాళ్లు మరో పరీక్ష కోరవచ్చని ఇక్రా చెప్పింది. ఇదివరకు మణెమ్మ అప్పుడప్పుడు మూత తీసి సౌడు వాసన చూసుకునేది. ఇప్పుడు మరేదీ కలవకుండా గురిగి మూతికి గుడ్డ కట్టి ఉంచింది. మళ్లీ అడిగితే ఇవ్వాలి.