నడిచినట్టు రాసిన వాక్యం

పెయింట్ ఫ్యాక్టరీ ల్యాబులో ఆమెను అందరూ రంగుల మేడమ్ అంటారు. రంగు పూసిన నమూనా రేకునూ కొత్త బ్యాచ్ రేకునూ దీపాల పెట్టెలో పక్కపక్కన పెట్టి చూడడం ఆమె పని. వెంట్రుకవాసి తేడా ఉన్నా సంతకం పెట్టదు. "అవి కళ్లు కావు మేడమ్, భూతద్దాలు" అని రంగులు కలిపేవాళ్లు సణుక్కుంటూ డబ్బాలు వెనక్కి మోసుకుపోతారు. అలా పదకొండేళ్లు గడిచాయి.

ఇన్నాళ్లూ బతిమాలుకుని ఉదయం షిఫ్టు ఒక్కటే చేస్తోంది. మూడింటికి ఇల్లు చేరితే, సాయంత్రమంతా నాలుగేళ్ల కూతురి కాళ్లకు వ్యాయామం చేయించొచ్చు. నెలలు నిండకముందే కిలో బరువుతో పుట్టిన పిల్ల. అందుకే ఇంట్లో పిచ్చుక అంటారు. ఇంకా నడవదు. భర్తది ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగం. అత్తగారికి మనసుంది గానీ మోకాళ్లు లేవు. కింద కూర్చుంటే ఆవిణ్ణి లేపడానికి ఇంకొకరు కావాలి.

వచ్చే ఏడాది నుంచి షిఫ్టులు అందరికీ తిరుగుతాయని ఫ్యాక్టరీలో నోటీసు అంటించారు. తిరగని కుర్చీ ల్యాబ్ హెడ్‌ది ఒక్కటే. దానికి బిజినెస్ డిగ్రీ ఉండాలి, కనీసం చదువుతూనైనా ఉండాలి. అందుకని కాలేజీ నుంచి దరఖాస్తు తెచ్చుకుంది. అన్నీ నింపాక ఒక్క ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది: మీరు ఎదుర్కొని గెలిచిన వ్యక్తిగత సవాలు గురించి నాలుగు వందల మాటల్లో రాయండి. కింద, ఆ సంగతి స్వయంగా ఎరిగిన ఒకరి సంతకం కావాలి.

అదే చదువు చదివిన మరిది ఆదివారం భోజనానికి వచ్చాడు.

"మా అమ్మతో కాపురం చేయడం గురించి రాసెయ్ వదినా. ఏ కాలేజీ అయినా పిలిచి సీటిస్తుంది."

"నిన్ను పెంచడం గురించి నేను రాస్తే ఆ సీటు నాకే ఇస్తారు గానీ, నోరు మూసుకుని తిను" అంది అత్తగారు.

నవ్వులు సద్దుమణిగాక ఆమె పిచ్చుక గురించి రాసిన కాగితం అతని చేతికిచ్చింది. ఆసుపత్రి గాజుపెట్టె ముందు కూర్చున్న యాభై మూడు రోజులు, ఆ తర్వాత నాలుగేళ్ల వ్యాయామం. మరిది ముద్ద ఆపి చదివాడు.

"చాలా బాగుంది వదినా. కానీ ఇందులో గెలుపేది? కష్టం చెప్పి ఊరుకుంటే జాలి పడతారు, సీటివ్వరు. చివర్లో నడిచిందని ఒక్క వాక్యం తగిలించు. ఎలాగూ రేపోమాపో నడుస్తుందిగా!"

ఎలాగూ నడుస్తుందిగా. నాలుగేళ్లుగా ఆమె తనకు తాను చెప్పుకుంటున్నదీ అదే.

వేరే సవాలు కోసం వెతికింది. చెడిపోయిన ఆకుపచ్చ బ్యాచ్‌ను బాగుచేసిన కథ మొదలుపెట్టి, నాలుగు వాక్యాలకే చింపేసింది. గెలిచి పక్కన పెట్టిన కష్టమంటూ ఏదీ గుర్తుకు రాలేదు. ఉన్న ఒక్కటీ ఇంకా తెగలేదు. చివరికి రాసింది: "ఇవాళ మా పాప తనంతట తాను నడుస్తోంది."

గడువు ఆఖరి రోజున ఆ కాగితాన్నీ పిల్లనూ తీసుకుని, సంతకం కోసం ఫిజియోథెరపీ అక్క దగ్గరికి వెళ్లింది. పిచ్చుక కాళ్లను ఆ అక్క కన్నా ఎరిగినవాళ్లు లేరు. చదువుతూ చదువుతూ అక్క చివరి వాక్యం దగ్గర లేచి నిలబడింది.

"నడుస్తోందా? ఎప్పట్నుంచి? నాతో ఒక్క మాటన్నా చెప్పలేదేం!"

ఆమె నోరు తెరిచేలోపే అక్క పిల్లను ఎత్తుకెళ్లి, నడక నేర్పే చెక్క కమ్మీల మధ్య నిలబెట్టి, ఎదురుగా చేతులు చాచింది.

"ఏదే పిచ్చుకా, రా నా దగ్గరికి!"

పిచ్చుక కమ్మీ వదిలేసింది. అక్క పిలిచింది కదా అని వదిలేసింది. ఎడమ మోకాలు మడతపడి పరుపు మీద బోర్లా పడింది. ఏడవలేదు. "మళ్లీ వస్తా" అంది.

"గెలిచినట్టు రాయాలన్నారక్కా" అంది ఆమె.

అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పిల్లను లేపి ఒళ్లో కూర్చోబెట్టుకుని పెన్ను తీసింది.

"పెడతాలే. నీ కష్టం నాకు తెలియనిదా? ఇంతకీ క్లాసులు ఎప్పుడు?"

"సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా. రెండేళ్లు."

పెన్ను గాలిలో ఆగింది. "నడక రావాలంటే ఈ రెండేళ్లే కదే దీనికి కీలకం! మరి ఎవరు చేయిస్తారు?"

ఆ సంగతి ఆమెకు తట్టక కాదు. చదవకపోతే వచ్చే ఏడాది షిఫ్టులు ఆ సాయంత్రాలను మింగేస్తాయి. చదివితే క్లాసులు ఇప్పుడే మింగేస్తాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏం రాయాలన్నది తేలితే చాలు, మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయని ఇన్నాళ్లూ తనను తాను మభ్యపెట్టుకుంది. అక్క తల వంచి సంతకం పెట్టేసింది.

కాలేజీలో దరఖాస్తులు అయిదు వరకే తీసుకుంటారు. నాలుగుంబావుకు బస్సు దొరికింది. కాలేజీ స్టాపు వచ్చింది, లేవబోయి కూర్చుండిపోయింది. ఇంటి స్టాపు వచ్చింది. పిల్ల నిద్రపోతోంది కదా అనుకుంది. ఆఖరి స్టాపులో కండక్టరు దగ్గరికి వచ్చాడు.

"ఎక్కడ దిగాలమ్మా మీరు?"

"ఈ బస్సు మళ్లీ వెనక్కి ఎప్పుడు వెళ్తుంది?" అని ఆమె అడిగింది.

"అరగంట ఆగాలి."

అప్పటికే అయిదు దాటి పది నిమిషాలయింది.