ఎవరూ ఆరా తీయని కవర్లు

రాధారాణి ఇంట్లో బియ్యానికి లోటు లేదు. నేపర్‌విల్‌లోని ఆమె సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో, చలికోట్లు తగిలించుకోవలసిన అల్మరాలో, ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తాలు ఏడున్నాయి. తెలుగు సంఘం సహాయ కమిటీ ఏడాదిగా నెలకో బస్తా ఇచ్చి, బ్యానర్ పక్కన నిలబెట్టి ఫొటో తీసుకుని వెళుతోంది. రాధారాణికి షుగర్. కూతురు కృతి నూడుల్స్ తప్ప తినదు. ఫొటోల్లో మాత్రం ఇద్దరూ నవ్వుతూనే ఉంటారు.

భర్త దామోదర్ పోయి ఆరేళ్లయింది. కృతి స్కూలు మారకూడదని ఆమె ఊరు మారలేదు. ఇల్లు మాత్రం మూడుసార్లు మారింది, ప్రతిసారీ ఇంకాస్త చిన్నదానికి. ఒక వృద్ధాశ్రమం వంటింట్లో పని. తెల్లవారుజామున అయిదింటికల్లా ఓట్స్ పొయ్యి మీద ఉండాలి. ఆ వేళకు అటు బస్సు లేదు.

ఏప్రిల్ చివర్లో కారు గేర్లు పట్టడం మానేసింది. ట్రాన్స్‌మిషన్ పోయింది, రెండు వేల మూడు వందల డాలర్లవుతుందన్నాడు మెకానిక్. తనతో పనిచేసే లీల రోజూ తీసుకెళుతోంది గానీ, లీల మే నెలాఖరుకి డాలస్ వెళ్లిపోతోంది. జూన్ ఒకటికి కారు లేకపోతే ఉద్యోగమూ లేదు.

రాధారాణి కమిటీకి అర్జీ పెట్టుకుంది. ఛైర్మన్ గోపీనాథ్ గారు స్వయంగా వచ్చారు. రిటైరైన సివిల్ ఇంజనీరు, మంచివాడు, జేబులో ఎప్పుడూ ఫారం ఉంటుంది.

"క్యాష్ మా బైలాస్‌లో లేదమ్మా. వస్తువైతే కళ్లకు కనిపిస్తుంది. క్యాష్ ఎటు పోతుందో ఎవరికి తెలుసు?"

"మెకానిక్‌కి పోతుందండీ."

"నువ్వంటే చెప్తున్నావు. అందరూ నీలా ఉంటారా? కావాలంటే ఈ నెల రెండు బస్తాలు శాంక్షన్ చేయిస్తాను."

"ట్యాంకులో బియ్యం పోస్తే నడవదండీ అది."

ఆయన నవ్వలేదు. 'రవాణా సమస్య' అని ఫారంలో రాసుకున్నారు.

ఆమధ్య పక్క జిల్లా, కుక్ కౌంటీ ప్రభుత్వం వాళ్లు లాటరీ తీసి, మూడు వేల పైచిలుకు కుటుంబాలకు నెలకు అయిదు వందల డాలర్ల చొప్పున రెండేళ్లపాటు ఇచ్చారు. దేనికి ఖర్చు పెట్టావని అడగలేదు. రాధారాణి అప్పుడు ఆశగా ఫారం తెరిచింది. నేపర్‌విల్ ఆ కౌంటీలో లేదు. మంచి బడి కోసం మనిషి సరిహద్దు గీతకు ఇవతల ఉండిపోతే, గీతకు అవతలి లాటరీ అందదు. పూర్వం సువర్ణదానం పుచ్చుకున్నవాడి ఇంటికి వెళ్లి, ఆ బంగారం ఏం చేశావయ్యా అని రాజులు అడిగినట్టు మనం పెద్దగా వినం. ఆరా తీయడం తర్వాత అబ్బిన విద్య కాబోలు.

గోపీనాథ్ గారు వచ్చి వెళ్లిన మర్నాడు కార్‌లో లీల అంది: "కృతి హైస్కూల్ గ్రాడ్యుయేషన్ పార్టీ పెట్టక్కా."

"పార్టీకి డబ్బులేవే?"

"ఇంట్లో బియ్యం గోడౌన్ పెట్టుకుని మాట్లాడుతున్నావ్. పులిహోర కలుపు. ఎంతమంది ఇళ్లలో ఎన్ని కవర్లు పెట్టొచ్చావ్? ఒక్కసారైనా పిలిచావా?"

పిలవలేదు. పదిహేనేళ్లుగా ఎవరింట ఏ ఫంక్షనయినా కవర్లో యాభయ్యొక్క డాలర్లు పెట్టి వస్తూనే ఉంది, చేతిలో లేనప్పుడు కూడా.

వాట్సాప్‌లో పిలుపు వెళ్లింది. అడుగున, అందరూ రాసేదే రాసింది: నో బాక్స్‌డ్ గిఫ్ట్స్ ప్లీజ్. అంటే, ఇచ్చేదేదో కవర్లో పెట్టి ఇమ్మని. అద్దెకున్నవారికి అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ ఉచితం. ఆ శనివారం నలభై కుటుంబాలు వచ్చాయి, పులిహోర రెండు బస్తాలు తిన్నాయి. గోపీనాథ్ గారు మూడోసారి వడ్డించుకున్నారు.

"బియ్యం బాగున్నాయి. ఎక్కడ కొంటావమ్మా?"

"కొననండీ. మీరిచ్చినవే."

ఆయన ప్లేటు పక్కన పెట్టి, కవరు తీసి, కవర్ల కోసం ఉంచిన డబ్బాలో వేశారు. నూటపదహారు డాలర్లు. ఏ కాలేజీ అని కృతిని అడిగారు. ఈ డబ్బు ఏం చేస్తావని మాత్రం అడగలేదు. ఆ మాట అక్కడ ఎవరూ అడగలేదు. కవరిచ్చి అలా అడిగేవాణ్ణి మర్యాద తెలియనివాడంటారు.

ఇంటికి వచ్చి విప్పితే కారుకు సరిపోయి ఇంకా మిగిలింది. అయితే ఆ కవర్లన్నిటి మీదా కృతి పేరుంది. రాధారాణి మెకానిక్ ఇచ్చిన కాగితం కూతురి ముందు పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"ఎస్టిమేట్. డబ్బు నీది. ఎటు పోతుందో నీకు తెలియాలిగా."

"నాకు తెలుసు. లాస్ట్ వీక్ పార్కింగ్ లాట్‌లో ఆ కార్ పుష్ చేసింది నేనే." కృతి కాగితం చదవకుండానే వెనక్కి తోసింది. "తీసుకో. నాకు టూ హండ్రెడ్ ఉంచు చాలు."

"దేనికి?" అంది రాధారాణి.

కృతి తల్లి వైపు చూసింది.

"సరే, సరే," అని రాధారాణి ఇరవై డాలర్ల నోట్లు పది లెక్కపెట్టి కూతురి చేతిలో పెట్టింది.

కారు మే ముప్పయ్యిన వచ్చింది. జూన్ ఒకటిన, పావు తక్కువ అయిదుకి, రాధారాణి ఒక్కతే డ్రైవ్ చేసుకుంటూ పనికి వెళ్లింది. ఆ రెండు వందలు ఏమయ్యాయో ఆమెకు ఇప్పటికీ తెలియదు.