టంకశాల తప్పు

మొన్న నరసరావుపేట బజార్లో పది రూపాయల బిళ్ల ఇస్తే కొట్టాయన దాన్ని బల్ల మీద టక్కున కొట్టి, "ఇది ఇక్కడ చెల్లదు మామ్మగారూ, నోటియ్యండి" అన్నాడు. సర్కారు అచ్చేసిన బిళ్ల ఎందుకు చెల్లదని వాదించే ఓపిక లేక నోటే ఇచ్చాను. ఆటోలో ఇంటికొస్తూ ఆ బిళ్లను తిప్పి తిప్పి చూస్తుంటే మా బావ గుర్తొచ్చాడు. ఆయనైతే కొట్టాయన్ని నిలబెట్టి, అది ఏ ఊరి టంకశాలలో అచ్చయిందో చెప్పి, వెనకాల నిలబడ్డ బేరాలు వెళ్లిపోయేదాకా పాఠం చెప్పేవాడు.

బావ అంటే మా అక్క భర్త. మిషన్ స్కూల్లో డ్రాయింగు మాస్టారు. నయా పైసలొచ్చి మూడేళ్లయిన ఆ రోజుల్లో నేను టీచరు ట్రైనింగు చదువుతూ వాళ్లింట్లోనే ఉండేదాన్ని. అణాలు పోయి పైసలు వస్తుంటే జనమంతా తికమక పడ్డారుగానీ, బావ ఒక్కడే సంబరపడ్డాడు. షావుకార్ల గల్లాపెట్టెల ముందు కూర్చుని పాత బిళ్లలు ఏరుకొచ్చేవాడు. వాటికీ స్కూలు పిల్లలకు వేసినట్టే మార్కులు. రాజుగారి గడ్డంలో వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తే ఫస్టు క్లాసు, చెవి మాత్రం తెలిస్తే సెకండు క్లాసు, ముక్కొక్కటే మిగిలితే పాసు, రాజో రాణో తేలకపోతే ఫెయిలు. బొంబాయి నయా పైస మీద సంవత్సరం కింద చిన్న వజ్రం గుర్తుంటుందనీ, కలకత్తాదానికి ఏ గుర్తూ ఉండదనీ నాకు నేర్పింది ఆయనే. ఐదో జార్జి తొలి రూపాయి మీద, రాజు అంగీకున్న ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనిపించిందనీ, జనం గోల చేస్తే అచ్చు మార్చారనీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేవాడు. పెళ్లిచూపుల్లో తనతో మాట్లాడిన మొదటి మాట కూడా ఆ పంది గురించేనని అక్క అంటుండేది.

అన్నిటికన్నా ఆయనకు ప్రాణం అచ్చు తప్పిన బిళ్లలు. వాటిలో రత్నం ఏడో ఎడ్వర్డు వెండి రూపాయి, 1907 నాటిది. పిడుగురాళ్ల బట్టీల నుంచి మా వీధికి సున్నం బండి వెంట వచ్చే ముసలామె తెచ్చింది. రాతి మీద వేస్తే ఖంగుమనాల్సింది టక్కుమందని బజార్లో ఎవరూ తీసుకోలేదట. "జొరమొచ్చి రెణ్ణెల్లు పన్లోకి పోలా అయ్యా. నువ్వన్నా తీసుకో" అంది. బావ రెండు రూపాయల నోటిచ్చి తీసుకున్నాడు. రూపాయంటే సరిగ్గా తులం తూగాలి. ఇది నాలుగు గురివింద గింజల ఎత్తు తక్కువ తూగింది. అంచు చుట్టూ వెంట్రుకంత గీత ఉంది. వారం రోజులు భూతద్దం వదలకుండా చూసి, రేకు సరిగా అతకని బిళ్ల మీద ముద్ర వేశారని తేల్చాడు. పొట్లం మీద గుండ్రటి అక్షరాలతో 'టంకశాల తప్పు' అని రాశాడు.

ఆ క్రిస్మస్‌కు ఇంటికి సున్నాలేసి, ఇత్తడి సామానంతా తోమాం. పనిలో పనిగా బావను సంతోషపెడదామన్న బుద్ధి నాకెందుకు పుట్టిందో! నల్లబడ్డ వెండి రూపాయలన్నీ పొట్లాల్లోంచి తీసి, చింతపండు వేసి మరుగుతున్న నీళ్లలో పడేశాను. సాయంత్రం బావ స్కూలు నుంచి వచ్చేసరికి అవి పళ్లెంలో తళతళలాడుతున్నాయి. ఆయన చేతిలో గొడుగు జారి కింద పడింది. "ఏం చేశావే తల్లీ!" అన్నాడు, అంతే. ఏళ్ల తరబడి పట్టిన ఆ నలుపే నాణేనికి పరువనీ, తోమితే ఫస్టు క్లాసుది కూడా ఫెయిలేననీ నాకప్పుడే తెలిసింది.

నేను ఏడుపు మొదలుపెట్టేలోపే బావ ఎడ్వర్డు రూపాయి తీశాడు. రాజుగారి తల ఒక చేతిలోకి, మిగతా రూపాయి ఇంకో చేతిలోకి వచ్చాయి. లోపల తొలిచిన గుంట, కరిగిన లక్క, ఆ లక్కలో చింతపండు ఈనెలాంటి నల్లటి ముక్క. అక్క కెవ్వున అరిచింది. ఆ అరుపుకు పరుగెత్తుకొచ్చిన పక్కింటి పెద్దమ్మ వంగి చూసి, "బొడ్డే అది. పిల్ల పుట్టినాక రాలిన బొడ్డు. తాయెత్తులో పెడతారుగా, ఈళ్లెవరో రూపాయిలో పెట్టారు" అంది.

బావ మంచం పట్టె మీద కూలబడ్డాడు. తోమిన బిళ్లల సంగతే మరిచిపోయాడు. "ఎవరి బొడ్డో కొని పెట్టెలో పెట్టుకున్నానే" అన్నాడు.

మర్నాడు తొలి బస్సుకే ఆయనా నేనూ పిడుగురాళ్ల వెళ్లాం. బట్టీ దగ్గర ముసలామె నడుం వంచుకుని రాళ్ల గంప మోస్తోంది. బావ అరచేతిలో రూపాయి తెరిచి చూపిస్తే రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏందయ్యా అది?"

బావ చెప్పాడు. ఆమె గంప దించి రాళ్ల మీదే కూర్చుంది. "నువ్వు పుట్టినప్పుడు చేయించిన రూపాయి, పారేసుకోమాక అని మా యమ్మ చెప్పింది. రూపాయిని చేయించేదేంది, అది సర్కారోళ్లు చేసేది గదా అనుకున్నా." చాలాసేపు చూసి, వేలి కొసతో ఆ ముక్కను తాకింది. "దీని మీద నాకెన్నేళ్లో రాసుందా అయ్యా?"

"నీకెన్నేళ్లనుకుంటున్నావమ్మా?"

"ఎనబై అంటాడు మేస్త్రీ. ముసల్దానివని కూలి తగ్గించాడు."

బావ సంవత్సరం చదివాడు, వేళ్ల మీద లెక్కేశాడు, మళ్లీ లెక్కేశాడు. "ఈ రూపాయి అచ్చయ్యాకే నువ్వు పుట్టావు. యాభై మూడుకు మించవమ్మా" అన్నాడు.

మా అమ్మకు అప్పుడు యాభై నాలుగు. జుట్టు నెరవలేదు, ప్రతి ఆదివారం రెండు మైళ్లు నడిచి గుడికి పోయేది. ఈమెకు నోట్లో ఒక్క పన్ను లేదు.

ఆమె మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "యాబై మూడేనా? అయితే ఇంకా చానా ఏళ్లు మొయ్యాలా ఈ రాళ్లు?"

బావ ఊళ్లో కంసాలి చేత లక్క పెట్టించి, రూపాయి మూసి, కొక్కెం వేయించి ఆమె మెడలో కట్టించాడు. మేస్త్రీ దగ్గరికి వెళ్లి గట్టిగా మాట్లాడాడు. కూలి పెరిగిందో లేదో మాకు తెలియలేదు. ఆమె మరో రెండేళ్లు బండి వెంట వచ్చింది. మూడో ఏడు ఇంకెవరో వచ్చారు.

నాకిప్పుడు ఎనభై ఐదు. నా ఏళ్లన్నీ కాగితాల మీద భద్రంగా ఉన్నాయి. యాభై మూడుకూ ఎనభైకీ మధ్య ఆమె బతకకుండానే అరిగిపోయిన ఏళ్లు మాత్రం ఏ బట్టీలో కాలిపోయాయో, ఇన్నేళ్లొచ్చినా నాకు లెక్క తేలలేదు.