శనివారం మీద పడ్డ మచ్చ

క్యాలెండర్లు అచ్చువేసే ప్రెస్సులో ఆమె ఇరవై రెండేళ్లు ప్రూఫులు దిద్దింది. యజమాని దగ్గర్నుంచి అందరికీ ఆమె పెద్దమ్మే. ఏటా వెనకపేజీలో ‘ఏ వారం పుడితే ఏ ఫలం’ పడేది. ‘శనివారం పుట్టిన ఆడపిల్ల ఇంటికి చేటు’ అన్న వాక్యంలో ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసి పంపేసేది. రాసింది మనం కాదు కదా అనుకునేది.

ఒక శనివారం ఆమె చెల్లెలి కూతురు ఆడపిల్లను కన్నది. ఆస్పత్రి గదిలో పసిది గుక్కపట్టి ఏడుస్తుంటే, దాని నాయనమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

“ఇంకో రోజే లేనట్టు శనివారం పుట్టాలా వదినగారూ? నేను కల్పించింది కాదు, మీ క్యాలెండర్లో ఉన్నదే,” అంది ఆవిడ.

పెద్దమ్మకు రోత పుట్టింది. ఆవిడను చూసి కాదు, తనను చూసుకుని.

సోమవారం యజమాని బల్ల ముందు నిలబడింది.

“బాబూ, మెల్లగా నడిచేదాన్ని ముందుపెట్టి గ్రహాలకు వరస కట్టారు. శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. గంటకొకరి వంతు, చంద్రుడి తర్వాత మళ్లీ శని. పొద్దు పొడిచాక మొదటి గంట ఎవరిదో రోజంతా వాళ్ల పేరే. ఆదివారం సూర్యుడితో మొదలెట్టి ఇరవైనాలుగు గంటలు లెక్కపెట్టు, మర్నాటి మొదటి గంట చంద్రుడిది. అందుకే సోమవారం. అలా తిరిగి తిరిగి ఏడోరోజు శని వంతు. ఇందులో లెక్క తప్ప చేటెక్కడుంది?”

“భలే చెప్పావు పెద్దమ్మా. అదీ వేద్దాం,” అన్నాడాయన.

కొత్త ప్రూఫు వచ్చింది. పాత వాక్యం ఎర్రటి లావు అక్షరాల్లో అలాగే ఉంది. దాని కింద ఆమె లెక్క చీమతలకాయంత. పైన ‘శాస్త్ర ప్రమాణంతో’ అని శీర్షిక. ఆ కుళ్లుమాటకు ఆమె లెక్కనే సాక్ష్యం పెట్టాడు. పెద్దమ్మ ప్రూఫు మీద సంతకం చేయకుండా, కళ్లజోడు సంచిలో వేసుకుని బయటికి నడిచింది. ఇప్పుడు ఇంకోచోట మందుల డబ్బాల్లో పెట్టే కాగితాలు దిద్దుతోంది.

పిల్ల పాకేనాటికి నాయనమ్మ దాన్ని చంక దించడం మానేసింది.

“శనివారం సంగతి మర్చిపోయారా వదినగారూ?” అంది పెద్దమ్మ.

“పోనిద్దురూ. అచ్చం నా ముక్కే వచ్చింది చూడండి.”

నాయనమ్మ ముక్కు రాని పిల్లల గతేమిటో తలచుకుని పెద్దమ్మకు మళ్లీ రోత పుట్టింది.