తక్కువ తిరిగిన మీటర్

నిద్రపట్టడానికని ఒక మిషన్ కొని, దాంతో మా ఇంట్లోనూ, మా బిడ్డ ఇంట్లోనూ, చివరికి సిరిసిల్లలో ఒక పెద్దమనిషి ఇంట్లోనూ నిద్ర లేకుండా చేసిన ఘనురాలిని నేను. కొనబోతే కొరివి అంటారు కదా. నేను ఆ కొరివిని బేరమాడి తెచ్చుకుని మరీ తల గోక్కున్నాను. వినండి, నవ్వండి. మధ్యలో కునకకండి, నిద్ర విలువ తెలిసినదాన్ని, నాకు కోపం వస్తుంది.

మా ఆయన గురక మేడిపల్లిలో అందరికీ తెలుసు. గురకతో నాకు పేచీ లేదు, అది ఆగితేనే భయం. బురదలో దిగబడ్డ ట్రాక్టర్ ఇంజన్ లాగా టక్కున ఆగేది. నేను లేచి కూర్చుని, నా ఊపిరి కూడా బిగబట్టి, ఆయనది మళ్ళీ అందుకునేదాకా చూసేదాన్ని. పగలేమో ముద్ద నోటిదాకా తెచ్చుకుని కునికేవాడు. ఒకసారి స్కూటర్ మీద కునికి, పసుపు చేనులో లేచాడు.

జగిత్యాల డాక్టర్ పరీక్ష చేయించి చెప్పాడు: "నిద్రల ఊపిరి ఆగుతున్నదమ్మా. సీప్యాప్ పెట్టకుంటే గుండెకు మంచిది కాదు."

ముక్కుకు తొడుగు పెట్టి, నిద్రపోయినంతసేపూ గాలి పంపే మిషన్ అది. కొత్తదాని ధర విన్నాక ఆగింది నా ఊపిరి. అందుకే వాడినది వెతుక్కుంటూ కోరుట్ల వెళ్ళాం.

అక్కడ మల్లేశం అని, మస్కట్‌లో పనిచేసి వచ్చినవాడు. బరువు తగ్గాక డాక్టర్ ఇక మిషన్ అక్కర్లేదన్నాడట. అతని దగ్గర రెండున్నాయి. ఒకటి పాతది, బియ్యం డబ్బా అంత. ఇంకొకటి ఈమధ్యది, టిఫిన్ డబ్బా అంత.

"పెద్దమ్మా, గీ చిన్నది తీస్కో. మెల్లగ షురువయితది. ఊపిరిని బట్టి గాలి అదే పెంచుకుంటది, తగ్గించుకుంటది. నీళ్ళ డబ్బ ఉన్నది, ముక్కెండది. చప్పుడు రాదు."

"గా పెద్దది?"

"అది పాతది. ఒక్కటే జోరు. మీకద్దు."

అమ్మేవాడు వద్దంటున్నాడంటే అదే మంచిదన్నమాట. పాఠకులారా, నేను చదివింది మూడో తరగతి, కానీ పాత ట్రాక్టర్లు కొనడంలో నాకు డిగ్రీ ఉంది. రంగు చూడకూడదు, గంటల మీటర్ చూడాలి. తక్కువ తిరిగితే ఇంజన్ గట్టిది. మా ట్రాక్టర్ అట్లా కొన్నదే, ఇప్పటికీ ఎదురు చెప్పకుండా దున్నుతుంది.

"బిడ్డా, వీటికి ఎన్ని గంటలు తిరిగిందో చూపెట్టే మీటర్ ఉంటదా?"

మల్లేశం నన్ను వింతగా చూసి, బటన్లు నొక్కి చూపించాడు. చిన్నదాంట్లో అంకె బారెడుంది. పెద్దదాంట్లో చిటికెడు.

"దొరికినవు కొడుకా. అరిగిపోయిన ఎద్దును నాకు అంటగడుతున్నవు."

"అట్ల కాదు పెద్దమ్మా, దాన్ని రోజు పెట్టుకున్న గన్క..."

"రోజు దున్నిన ఎద్దును ఎవలన్న కొంటరా?"

మా ఆయన కుర్చీలోంచి కల్పించుకున్నాడు. "ఏమే, పిలగాడు ఏదో చెప్తున్నడు, ఇనరాదు."

"నువ్వు పండుకో."

అన్నమాట ప్రకారం పండుకున్నాడు, ఆ కుర్చీలోనే.

మల్లేశం చేతులెత్తేశాడు. "నీ ఇష్టం. మల్ల వాపసు తీస్కోను. మాస్కు, పైపు కొత్తవి కొనుర్రి, గాలి జోరు డాక్టర్ తోటి పెట్టియ్యుర్రి."

అట్లాగే పెట్టించాం. డాక్టర్ మిషన్‌ను చూశాడు, నన్ను చూశాడు, మీసాల్లో నవ్వుకుంటూ జోరు పెట్టిచ్చాడు. అప్పుడైనా నాకు తెలియాల్సింది.

ఇంట్లో స్విచ్ వేస్తే కల్లంలో వడ్లు తూర్పారబట్టే ఫ్యాన్ గుర్తొచ్చింది. తొడుగు లోపలినుంచి మా ఆయన ఏదో అన్నాడు, గాలికి మాట కొట్టుకుపోయింది. తెల్లారి అడిగాను.

"ఎట్లున్నది?"

"బస్సు కిటికీల తల పెట్టి హైదరాబాద్ దాక పోయినట్టున్నది."

"అలవాటయితది. ట్రాక్టర్ గూడ మొదట్ల గట్లనే."

అలవాటు కాలేదు. ఆయన తీసేస్తాడు, గురక మొదలై ఆగుతుంది, నేను లేచి మళ్ళీ తొడుగుతాను. ఇద్దరికీ నిద్ర లేదు. కొత్తొక వింత, పాతొక రోత అన్న పెద్దలు ఈ మిషన్‌ను చూసే అని ఉంటారు.

ఇంతలో సిరిసిల్లలో బిడ్డ ఇంటికి వెళ్ళాం, మిషన్‌తో సహా. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. బిడ్డ వాళ్ళ ఇంటి ఓనర్ రాజయ్యకు గోడ పక్కనే సాంచాల షెడ్డు. ఆ చప్పుడులో పుట్టి, ఆ చప్పుడే జోలపాటగా పెరిగిన మనిషి. మధ్యాహ్నం తిన్నాక మా ఆయనకు మిషన్ తొడిగాను. కాసేపటికి రాజయ్య కళ్ళు నలుపుకుంటూ వచ్చి తలుపు కొట్టాడు.

"పెద్దమ్మా, లోపట కొత్త సాంచాలేమన్న పెట్టిండ్రా? జర కన్ను మూద్దామంటే అయితలేదు."

"సాంచాలు కాదయ్యా. మా ఆయన పండుకున్నడు."

రాజయ్య తొంగిచూశాడు. "పండుకున్నడా? మంచం పట్టె పట్టుకొని కూసున్నడు గదా."

మా ఆయన తొడుగు పీకేసి అన్నాడు: "రాజన్నా, నీ సాంచాల షెడ్డుల నాకో మంచమెయ్యి. ఆడ జర నిమ్మళంగ ఉంటది."

బిడ్డ గోడకు ఆనుకుని నవ్వింది. రాజయ్యా నవ్వాడు. నేను మా ఆయన కళ్ళు చూశాను. పండుమిరపకాయల్లా ఉన్నాయి. నాకు నవ్వు రాలేదు.

తిరుగుదారిలో నేరుగా కోరుట్లలో దిగాం.

"మల్లేశం, మీటర్ తక్కువున్నది గదా, గిట్లెందుకయింది?"

"తక్కువ ఉండకెట్లుంటది పెద్దమ్మా? దాన్ని పెట్టుకొని ఎవలు పండుకుంటరు? జరన్ని దినాలు పెట్టుకొని, నాతోని గాక మూటగట్టి పడేసిన. చిన్నదాంతోని మంచిగ నిద్రవట్టింది గన్కనే అన్ని గంటలు తిరిగింది. గదే చెప్పబోతి, నువ్వు ఎద్దుల ముచ్చట తెచ్చినవు."

నా ట్రాక్టర్ డిగ్రీ అక్కడే రద్దయింది.

"సరే. చిన్నది ఇయ్యి. గిది తీస్కో."

"ఊకెనే ఇచ్చినా తీస్కోను."

చిన్నదానికి కూడా డాక్టర్ దగ్గర గాలి సరిచేయించి, ఆ రాత్రి పెట్టాం. చప్పుడు లేదు. గురక లేదు. ఇల్లంతా నిశ్శబ్దం. లేచి వెళ్ళి ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టాను. తొడుగులోంచి మాట వచ్చింది:

"బతికే ఉన్న. పోయి పండుకో."

పండుకున్నాను. ఎండ మొహం మీద పడేదాకా ఇద్దరం లేవలేదు.

కాబట్టి పాఠకులారా, ఇదే నా ప్రతిజ్ఞ. వాడిన సామాను కొనేటప్పుడు ఇకమీదట మీటర్ చూడను, అమ్మేవాడి మొహం చూస్తాను. కంటినిండా నిద్రపోయిన మొహమైతేనే బేరం. మా ఆయన మీద ఒట్టు పెట్టేదాన్నే, కానీ పాపం ఆయన ఇప్పుడే నిమ్మళంగా ఊపిరి తీసుకుంటున్నాడు. అందుకని మా అటక మీద, గంటలు అసలు పెరగకుండా, ఇప్పటికీ కొత్తదానిలా ఉన్న ఆ పాత మిషన్ మీద ఒట్టు.